స్లైట్లీ సారు

మా ట్యూషన్ సారుకు మేం పెట్టుకున్న పేరు స్లైట్లీ సారు. ఆయన ఎదుట ఎవరూ అనేవాళ్లు కాదు గానీ, ఆ సంగతి ఆయనకు తెలుసు. ఒకసారి కొత్తగా చేరడానికొచ్చిన పిల్లోడొకడు వీధి మొదట్లో నిలబడి, "సామీ, స్లైట్లీ సారు ఇల్లు యాడ?" అని అడిగింది సాక్షాత్తూ ఆయన్నే. సారు చేతిలో పాలచెంబుతో నిలబడి, "నేరుగా పోయి స్లైట్లీ లెఫ్టుకు తిరుగు నాయనా. వాకిట్లో తులసికోట ఉంటాది. అరుగు మీద కూర్చో, ఆయన ఇప్పుడే వస్తాడు" అని పంపించినాడంట. ఆ తర్వాత వారం దాకా ఆ పిల్లోడు ట్యూషన్‌కు మొహం చాటేశాడు.

ఇది 1991, 92 నాటి మాట. నేను తిరుపతిలో ఇంటర్ చదువుతున్నాను. సారు ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో. రేణిగుంట స్టేషన్లో గుమాస్తాగా చేరి, అరక్కోణం, గుంతకల్లు తిరిగి, మళ్లీ రేణిగుంటలోనే రిటైరైన మనిషి. పంచె, చేతుల బనియను, జేబు లేదు కాబట్టి చెవి మీద సుద్దముక్క. ముందు గదిలో రెండు చాపలు, గోడకు నల్లరంగు పూసి చేసిన బోర్డు. సాయంత్రం ఆరుకల్లా గది నిండిపోయేది.

ఆయన దేన్నయినా కొలిచి మాట్లాడే రకం. కాఫీ స్లైట్లీ చేదుగా ఉండాది. మోకాలు ఎ లిటిల్ నొప్పిగా ఉండాది. పక్కింటి రేడియో రాదర్ గట్టిగా ఉండాది. కొళాయిలో నీళ్లు హార్డ్లీ వస్తా ఉండాయి. తెలుగులో మాట్లాడుతున్నా ఆ ముక్క ఒకటి మధ్యలో పడాల్సిందే. ఇంగ్లీషు మోజని మేం మొదట్లో అనుకున్నాం. అది కాదు, ఉద్యోగంలో అంటుకున్న అలవాటు. "బండి లేట్ అని రాస్తే పైనుంచి కాగితం వస్తాదిరా. స్లైట్లీ లేట్ అని రాస్తే రాదు. సర్వీసంతా ఆ ఒక్క ముక్క మీద నెట్టుకొచ్చినా" అనేవాడు.

మా ఇంగ్లీషు సంగతి చెప్పాలంటే, మాకు తెలిసిందల్లా వెరీ. అది చాలకపోతే వెరీ వెరీ. సొంత ఊరి మీద వ్యాసం రాయమంటే అందరం "తిరుపతి ఈజ్ ఎ వెరీ వెరీ ఫేమస్ ప్లేస్" అనే మొదలుపెట్టేవాళ్లం. సారు ఆ కాగితాలన్నీ చూసి, "తిరుపతి ఫేమస్ అని మీరు చెప్పాల్నా? దేశమంతా గుండు కొట్టించుకోని చెప్తా ఉండారు గదా. వెరీకి రెండు నెలలు లీవిచ్చి పంపండి" అన్నాడు. ఆ రెండు నెలలూ మా నోట్లో ఆడినవి కొంచెమనో, ఓ మాదిరి అనో, లేనట్టే అనో కొలత చెప్పే చిన్న మాటలే: ఎ లిటిల్, ఎ బిట్, స్లైట్లీ, ఫెయిర్లీ, రాదర్, హార్డ్లీ, బేర్లీ. పరీక్షలో వీటికి వచ్చేది మహా అయితే ఒకటో రెండో మార్కులు. అయినా ఆయన సిలబస్ పక్కనబెట్టి వీటి మీదే కూర్చున్నాడు. ట్యూషన్ మాన్పిస్తామని ఒకరిద్దరి నాయన్లు వచ్చి గొడవపడిపోయినారు కూడా.

పాఠం చెప్పడానికి ఆయన దగ్గరున్న పరికరం ఫ్యాను రెగ్యులేటరు. ఇప్పటి పిల్లలకు తెలియదేమో, అప్పట్లో రెగ్యులేటరు స్విచ్చుబోర్డులో ఇమిడిపోయే చిన్న గుండీ కాదు. గోడకు చెక్క మీద బిగించిన పెద్ద నల్లటి డబ్బా. ముందర గుండ్రటి పిడి, చుట్టూ ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. లోపల తీగచుట్ట ఉండేది. ఫ్యాను నిదానంగా తిప్పాలంటే మిగిలిన కరెంటు జోరంతా ఆ తీగలో వేడిగా పోవాల్సిందే. అందుకని ఒకటి మీద పెట్టి కాసేపు వదిలేస్తే డబ్బా మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. సారు దాని పక్కన నిలబడి పిడి తిప్పుతూ ఒక్కొక్కణ్ణీ లేపి అడిగేవాడు.

ఒకటి. రెక్కలు లెక్కపెట్టచ్చు. "ద ఫ్యాన్ ఈజ్ హార్డ్లీ మూవింగ్." హార్డ్లీని చివర్లో తగిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. ఈజ్‌కూ మూవింగ్‌కూ నడుమ దూరాలి అది. రెండు. "ఎ లిటిల్ ఫాస్టర్", లేకుంటే "స్లైట్లీ ఫాస్టర్". మూడు. చెమట ఆరుతుంది, ప్రాణం కుదుటపడుతుంది. "ఫెయిర్లీ ఫాస్ట్." నాలుగు. నోటుపుస్తకాల్లో పేజీలు వాటంతటవే తిరుగుతాయి, ఆడపిల్లలు ఓణీ సర్దుకుంటారు. "రాదర్ ఫాస్ట్." ఐదు. పైన రాడ్డుతో సహా ఊగేది, కింద కూర్చున్నవాళ్లం పక్కకు జరిగేవాళ్లం. అక్కడ చిన్న మాటలకు పనిలేదు, "టూ ఫాస్ట్".

ఏప్రిల్, మే నెలల్లో లెక్క మారిపోయేది. ఓల్టేజి పడిపోయి, పిడి ఐదు మీదున్నా ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగేది. అప్పుడొచ్చింది బేర్లీ. హార్డ్లీ, బేర్లీ రెండూ ఒకటే గదా సార్ అని ఎవరో అడిగారు. ఆయన మా బ్యాచిలో ఒకణ్ణి చూపించి బోర్డు మీద రాశాడు: "హీ హార్డ్లీ స్టడీడ్ అండ్ బేర్లీ పాస్డ్." చదివింది లేదనే చెప్పాలి, అది హార్డ్లీ. అయినా 35 మార్కులొచ్చి గట్టెక్కినాడు, అది బేర్లీ. హార్డ్లీలో చూపు లేనిదాని వైపు, బేర్లీలో ఎట్లో అట్ల అయిందాని వైపు. ఇన్నేళ్లలో ఈ రెంటి తేడా ఇంతకన్నా తేలిగ్గా చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఆ బేర్లీ పాసైనోడు ఇప్పుడు గాంధీ రోడ్డులో పెద్ద ఫ్యాన్సీ కొట్టు నడుపుతున్నాడు. ఆ వాక్యం గుర్తుచేస్తే ఇప్పటికీ మీదికొస్తాడు.

హార్డ్లీ లాంటిదే ఇంకొకటి, స్కేర్స్లీ గురించి అడిగితే, "అది పుస్తకాల్లో ఉంటాది. రాస్తే తప్పులేదు, అంగడికి పోయి మాట్లాడితే నవ్వుతారు" అని దాటేశాడు. నాకూ ఆ మాటతో ఇంతవరకూ పని పడలేదు.

ఫెయిర్లీకీ రాదర్‌కీ మాత్రం రెగ్యులేటరు చాలలేదు. ఎందుకంటే తేడా జోరులో లేదు, మాట్లాడే మనిషిలో ఉంది. మాతోపాటు తిరుమల కొండమీద కాపురం ఉండే కుటుంబం పిల్లోడొకడు చదివేవాడు. పొద్దున బస్సులో దిగి, రాత్రి బస్సులో ఎక్కిపోయేవాడు. జనవరిలో కూడా మా గదిలో కూర్చుని ఉక్క అనేవాడు. సారు వాణ్ణి, నన్ను పక్కపక్కన నిలబెట్టి గది ఎట్లుందో చెప్పమన్నాడు. "నువ్వు చెప్పాల్సింది 'ద రూమ్ ఈజ్ రాదర్ వార్మ్.' వీడు చెప్పాల్సింది 'ద రూమ్ ఈజ్ ఫెయిర్లీ వార్మ్.' గది ఒకటే, వేడి ఒకటే. వీడికి హాయిగా ఉండాది, నీకు ఇబ్బందిగా ఉండాది." నచ్చినదాని పక్కన ఫెయిర్లీ, నచ్చనిదాని పక్కన రాదర్ అని మేం రాసుకున్నాం. హార్స్‌లీ హిల్స్‌కు పోతే సాయంత్రం ఫెయిర్లీ కూల్, దుప్పటి తెచ్చుకోనోడికి తెల్లవారుజామున రాదర్ కోల్డ్. ఇంకొకటి కూడా చెప్పాడు: టూ ముందర, బెటర్‌లాంటి మాటల ముందర రాదర్ పెట్టచ్చు, ఫెయిర్లీ కుదరదు. 'రాదర్ టూ సాల్టీ' అనచ్చు, 'ఫెయిర్లీ టూ సాల్టీ' అనే మాటే లేదు.

ఈ పాఠం ఎంత పనికొచ్చిందో మా మామ ఉత్తరం దగ్గర తెలిసింది.

మా మేనమామది పుత్తూరు. ఆయన పెద్ద కూతురు, నాకు వదిన వరస, అప్పటికి బీకాం పూర్తిచేసింది. మద్రాసులో స్థిరపడిన మనవాళ్ల సంబంధం ఒకటి వచ్చింది. తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవడం రాదు, అరవంలోనో ఇంగ్లీషులోనో రాయాలి. మామ తను చెప్పదలచుకున్నది ఊళ్లో టైపు మిషన్ పెట్టుకున్న ఒకాయనకు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో కొట్టించుకొచ్చాడు. పంపించే ముందు ఎవరికైనా చూపిద్దామని మా ఇంటికొచ్చాడు. "ఏం అల్లుడూ, మీ రైల్వే సారుకు చూపిద్దామా?" అంటే ఇద్దరం పోయినాం.

సారు కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. అందులో ఉన్నది ఇది: "అవర్ గర్ల్ ఈజ్ ఎ బిట్ బ్యూటిఫుల్. షి ఈజ్ ఎ లిటిల్ ఎడ్యుకేటెడ్. హర్ కుకింగ్ ఈజ్ స్లైట్లీ గుడ్."

టైపు చేసినాయన్ను అనడానికి లేదు. మామ చెప్పింది చెప్పినట్టే దించాడు. మన పక్క ఆడపిల్ల తండ్రి "మా పిల్ల అందగత్తె" అంటాడా? "కొంచెం బాగానే ఉంటాది, కొంచెం చదువుకునింది, వంట కూడా కొంచెం వచ్చు" అంటాడు. ఆ కొంచెంలో ఉన్నదంతా అణకువ. వినేవాళ్లు దాన్ని పదింతలు చేసుకుని అర్థం చేసుకుంటారు. ఇంగ్లీషులో ఎ బిట్, ఎ లిటిల్, స్లైట్లీ అట్ల కుదరవు. అవి మామూలుగా వచ్చి చేరేది లోపాల పక్కన. ఎ బిట్ టైర్డ్, ఎ లిటిల్ డర్టీ, స్లైట్లీ డెఫ్. మంచి మాట పక్కన ఊరికే నిలబెడితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. బెటర్ అనో ఈజియర్ అనో పోలిక తెచ్చినప్పుడైతే ఏ ఇబ్బందీ లేదు, 'ఎ బిట్ బెటర్' అని నిక్షేపంగా అనచ్చు.

"బీకాం చదివిన పిల్లను ఎ లిటిల్ ఎడ్యుకేటెడ్ అంటే ఎట్లప్పా? ఐదో క్లాసులో మానేసినట్టుండాది" అన్నాడు సారు. మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. "పంపించుంటే కొంప మునిగేది సామీ. మీరే ఒక దోవ చూపండి."

ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉత్తరం తిరగరాశారు. పిల్ల పొడుగరి అని రాయాలన్నాడు మామ. "రాదర్ టాల్ అంటే తాళి కట్టడానికి పెండ్లికొడుకు పీట ఎక్కాల్సి వస్తాదేమోనని భయపడతారు. ఫెయిర్లీ టాల్ అందాం." మామకు అది నచ్చింది. ఆ వెంటనే, "తెలుపని కూడా రాయాల కదా సామీ. అయితే ఫెయిర్లీ ఫెయిరా?" అన్నాడు. సారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఆ లైనే వద్దు. ఫోటో పంపిస్తా ఉండావు గదా" అని కొట్టేశాడు. వంట దగ్గర మళ్లీ ఆగారు. 'షి కుక్స్ రాదర్ వెల్' అని నేను నోరు జారితే, "రాదర్‌కు మంచి మాట తగిలిస్తే, అనుకున్నదానికన్నా మేలేనే అన్నట్టు ఉంటాది. పొగిడినట్టే, కానీ ముందర నమ్మకం లేదని కూడా చెప్పినట్టే. వద్దు. 'షి కుక్స్ వెల్' చాలు. బాగా చేస్తాది గదా, దానికి మళ్లీ కొలత ఎందుకు?" అన్నాడు. చిన్న మాటలు పిచ్చిగా ప్రేమించే మనిషి తన చేత్తో ఒకదాన్ని తీసిపారేయడం అదే మొదలు నేను చూడ్డం.

నేను అప్పుడు టైపు హయ్యర్‌కు కడుతున్నా కాబట్టి, ఫెయిర్ కాపీ కొట్టిస్తా ఇవ్వు మామా అన్నాను. "ఫెయిర్ వద్దన్నాడు గదరా సారు, మళ్లీ ఇదేం ఫెయిర్?" అన్నాడు మామ. సారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. సంబంధం కుదిరింది. జాతకాలు కలిసినందుకు కుదిరిందని మా అత్త అంటుంది, ఉత్తరం వల్లేనని మామ. వాళ్లిద్దరికీ ఇప్పటికీ తెగలేదు.

సారుకు ఈ చిన్న మాటల మీద ఇంత గురి ఎట్ల కుదిరిందంటే, అరక్కోణం రోజుల గురించి చెప్పేవాడు. అక్కడ ఆయన పైఅధికారి ఒక ఆంగ్లో ఇండియన్ దొర. గట్టిగా అరిచిన రోజు లేదంట. ఒకసారి సారు రాసిన లెక్కల కాగితం చూసి, "ఐ యామ్ ఎ బిట్ డిసప్పాయింటెడ్" అన్నాడు. రవంతే గదా అని సారు సంతోషంగా ఇంటికి పోయి పండుకున్నాడు. మరుసటి వారం బదిలీ కాగితం చేతికొచ్చింది. ఇంకోసారి స్టేషన్ యార్డులో పెట్టెలు పట్టాలు తప్పి అడ్డంగా పడిపోతే, అదే దొర ఫోనులో పైవాళ్లకు చెప్పిన మాట, "వియ్ హావ్ ఎ బిట్ ఆఫ్ ఎ ప్రాబ్లమ్". "ఇంగ్లీషోడు మాట ఎంత చిన్నదిగా వాడితే లోపల సంగతి అంత పెద్దదని లెక్కరా. మనం అరిచినప్పుడు భయపడాల, వాళ్లు అరవనప్పుడు భయపడాల" అనేవాడు.

ఆ ఆఫ్ ఎ దగ్గర మమ్మల్ని చాలా రోజులు తోమాడు. ఎ బిట్ టైర్డ్ సరే, ఎ బిట్ ప్రాబ్లమ్ కుదరదు. వస్తువు పేరో, మనిషి పేరో వస్తే నడుమ ఆఫ్ ఎ పడాలి. బిట్ అనే మాటే కొరకడం నుంచి పుట్టిందని, అంటే మొదట్లో అది కొరికిన ముక్కేనని ఆయన చెప్పినప్పుడు, వెనకనుంచి ఎవరో "కాకెంగిలి సార్" అన్నారు. చొక్కా అడ్డం పెట్టి కొరికి పంచుకున్న శెనగ ఉండ మా అందరికీ గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి మా బ్యాచిలో ఆఫ్ ఎ మరిచిపోయినోడు లేడు.

పరీక్షకు పనికొచ్చినవీ ఉన్నాయి. లిటిల్ ముందు ఎ ఉంటే ఉందని, లేకపోతే లేదని. 'ఐ స్లెప్ట్ ఎ లిటిల్' అంటే కునుకు పట్టింది, 'ఐ స్లెప్ట్ లిటిల్' అంటే రాత్రంతా దొర్లినట్టే. హార్డ్లీ ఉన్న వాక్యంలో మళ్లీ నాట్ పెట్టకూడదు, అది ముందే కడుపులో లేదు అనేదాన్ని దాచుకుని ఉంటుంది. అందుకే దాని వెనక తోక ప్రశ్న నాట్ లేకుండా వస్తుంది: 'హి హార్డ్లీ టాక్స్, డజ్ హి?' ఇక 'హార్డ్లీ హ్యాడ్' అని మొదలెట్టే వాక్యానికి సారు దగ్గర రైళ్లు తప్ప వేరే ఉదాహరణ ఉండేది కాదు. తిరుపతి నుంచి చిత్తూరుకు పాకాల మీదుగా అప్పట్లో మీటర్ గేజ్ బండి పోయేది. "హార్డ్లీ హ్యాడ్ ద ట్రైన్ లెఫ్ట్ పాకాల వెన్ ఇట్ స్టాప్డ్." ఆ బండి ఎక్కినోళ్లకు ఈ వాక్యం వ్యాకరణం కాదు, అనుభవం. వెన్ బదులు ద్యాన్ రాస్తే అర మార్కు పోయింది పో అనేవాడు. ద్యాన్ రావాల్సింది 'నో సూనర్' వెనక.

ఆయనకు బాగా ఇష్టమైన ఉచ్చు ఒకటుంది. 'నాట్ ఎ బిట్', 'నాట్ ఎ లిటిల్'. చూడ్డానికి కవల పిల్లలు. మొదటిదానికి బొత్తిగా లేదని అర్థం, రెండోదానికి తక్కువేం కాదు, చాలానే అని. 'ఐ వాజ్ నాట్ ఎ బిట్ సర్‌ప్రైజ్డ్' అంటే చీమ కుట్టినట్టయినా లేదు. 'ఐ వాజ్ నాట్ ఎ లిటిల్ సర్‌ప్రైజ్డ్' అంటే గుడ్లు తేలేశాను. ప్రతి బ్యాచీ ఇందులో పడేది, ప్రతిసారీ ఆయన మొహం వెలిగిపోయేది.

శనివారాలు ది హిందూ పేపరు గట్టిగా చదివించేవాడు. కల్యాణి డ్యాములో నీళ్లు రవంత పెరిగితే మార్జినల్లీ, బంగారం ధర తగ్గినా మార్జినల్లీ. "ఇది అంకెలకు వాడే మాట. 'ఐ యామ్ మార్జినల్లీ హంగ్రీ' అని ఇంట్లో అనబాకండి, మీ అమ్మ సంగటి కూడా పెట్టదు." సమ్‌వాట్ గురించి ఒక్క ముక్కలో తేల్చేశాడు: నోటితో అయితే ఎ బిట్, కాగితం మీద అయితే సమ్‌వాట్.

మేలో గంగజాతర వారం వస్తే ట్యూషన్‌కు సెలవు. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొక వేషంతో ఊరంతా తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపే. నోటికొచ్చిన బూతు తిట్టినా మొక్కు కిందే చెల్లిపోయే పండగ. "ఈ వారం మన సరుకు చెల్లదు, వచ్చే వారం రాండి" అని తలుపు దగ్గరగా వేసి, ఆయనా జాతరకే పోయేవాడు.

డిగ్రీ అయినాక కొన్నాళ్లు బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్లో కూర్చున్నాను. సారు చెప్పిన పాఠాలకు అసలు పరీక్ష అక్కడ జరిగింది. మనవాళ్ల గొంతు ఆకాశంలో ఉండేది. "ఏం రూమయ్యా ఇది, నరకం!" అని కేకలేసి, రెండు రోజులుండి, పోతూ పోతూ లడ్డూ ఒకటి చేతిలో పెట్టిపోయేవాళ్లు. అదే ఒక ఇంగ్లండు ఆమె వచ్చి నవ్వుతూ "ద రూమ్ ఈజ్ స్లైట్లీ నాయిజీ" అంది. మా వాళ్లు స్లైట్లీయే గదా అని వదిలేయబోయారు. నాకు అరక్కోణం దొర గుర్తొచ్చి, అప్పటికప్పుడు వెనకవైపు గది మార్పించాను. ఆమె పోయేటప్పుడు చెప్పిందాన్నిబట్టి, అంతకుముందు రాత్రి కన్ను మూతపడనే లేదంట. కింద పూలంగడి వాళ్లు తెల్లారేదాకా బుట్టలు దించుతూనే ఉన్నారు మరి.

మా పక్క సీటు కుర్రాడికి ఇంకో చిక్కు. తెలుగులో ఏ పని చెప్పాలన్నా మనకు ముందు కొంచెం పడాలి. కొంచెం జరగండి, కొంచెం ఆగండి, కొంచెం సంతకం పెట్టండి. అక్కడ కొంచెం అంటే కొలత కాదు, మర్యాద. వాడు అదే చేత్తో "సార్, లిటిల్ సైన్ హియర్" అనేవాడు. ఒక పెద్దాయన సీరియస్‌గా తలూపి, రిజిస్టరులో చీమ తలకాయంత సంతకం పెట్టాడు. ఆ మర్యాదకు ఇంగ్లీషులో పనికొచ్చేది జస్ట్. "కుడ్ యు జస్ట్ సైన్ హియర్" అంటే సరిపోతుందని నేను చెప్పినా, వాడు మాత్రం ఆ సంతకం చూపించుకుంటూ చాలా రోజులు గడిపాడు.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇల్లు పడగొట్టి లాడ్జి కట్టారు.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆయన మమ్మల్ని చేరనిచ్చేవాడు కాదు. క్వయిట్. రెగ్యులేటరు మీద దీనికెంత సార్ అంటే, "దానికి నంబరు లేదు. ఒకచోట మూడు, ఒకచోట ఐదు. పరీక్ష రాసేదాకా దాని జోలికి పోబాకండి" అనేవాడు. ఆఖరి నెలలో చెప్పాడు. ఇంపాజిబుల్, ఫుల్ లాంటి మాటల్లో ఎక్కువ తక్కువలు ఉండవు, వాటి పక్కన క్వయిట్ అంటే పూర్తిగా అని. గుడ్, హాట్ లాంటి హెచ్చుతగ్గులున్న మాటల పక్కన ఇంగ్లండులో అయితే 'పర్వాలేదు' అనే మాదిరి. గుడ్ కన్నా క్వయిట్ గుడ్ ఒక మెట్టు కిందే ఉండచ్చు. అమెరికావాళ్లు మాత్రం అదే మాటను చాలా అనే అర్థంలో వాడతారు. ఇంత గందరగోళం ఇంకే చిన్న మాటలోనూ లేదని ఆయన ఫిర్యాదు.

మా అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. దాని ఇంగ్లీషు నాకన్నా జోరుగా ఉంటుంది. లిటిల్ బిట్ స్పైసీ, కైండ్ ఆఫ్ టైర్డ్, సార్ట్ ఆఫ్ ఓకే. ముందర ఎ ఏదమ్మా, 'ఎ లిటిల్ బిట్' అనాలి గదా అంటే, "వాట్సాప్‌లో ఎవరు పెడతారు నాన్నా" అంటుంది. సమ్‌వాట్ అనే మాట తన సర్వీసులో ఒక్కసారీ వాడలేదంట. ఈమధ్య ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసింది, గొంతులో టెన్షన్.

"నాన్నా, అప్రయిజల్ వచ్చింది. మా మేనేజర్ 'హర్ వర్క్ ఈజ్ క్వయిట్ గుడ్' అని రాశాడు. అంటే ఏందో అర్థం కావడం లేదు. బాగుందనా, ఏదో పర్లేదనా?"

"ఆయనది ఏ ఊరు పాపా?"

"అదెందుకు ఇప్పుడు?"

"చెప్పు."

"ఫిలడెల్ఫియా."

"అయితే టెన్షన్ పడకుండా పండుకో" అన్నాను.

"లండన్ అయ్యుంటే?"

"పొద్దున మాట్లాడుకుందాం అని చెప్పుండేవాణ్ణి."